పోలీసులపై స్థానిక అజమాయిషీ: ఇంగ్లండ్, వేల్స్

ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ కలిపి 43 ప్రాంతీయ పోలీసు దళాలు ఉన్నాయి. ఒక్కో దళం ఒకటి రెండు కౌంటీలనో, ఒక మహానగరాన్నో చూసుకుంటుంది. దాని అధిపతిని చీఫ్ కానిస్టేబుల్ అంటారు. లండన్‌లోని రెండు దళాలకు మాత్రం ఆ హోదా పేరు కమిషనర్. ఈ అధిపతిని ఎవరు నియమించాలి, బడ్జెట్ ఎవరు తేల్చాలి, ఈ ఏడాది ఇళ్ల దొంగతనాల సంగతి ముందు చూడండి, గృహహింస కేసులు ముందు చూడండి అని ఎవరు చెప్పాలి? 1835 నుంచి ఆ దేశం ఈ ప్రశ్నకు నాలుగు రకాల జవాబులు చెప్పుకుంది. మొదట పట్టణ కౌన్సిళ్ల కమిటీలు, తర్వాత కౌన్సిలర్లూ మెజిస్ట్రేట్లూ కలిసి కూర్చునే మండళ్లు, ఆ తర్వాత స్వతంత్ర సభ్యులను చేర్చుకున్న పోలీసు అథారిటీలు, చివరికి 2012లో జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్లు. ఈ నాలుగో ఏర్పాటుకు కూడా 2028తో కాలం చెల్లుతుందని ప్రభుత్వం ప్రకటించింది.

జవాబులు మారాయి గాని తగాదా ఒక్కటే. డబ్బు, ప్రణాళిక, నియామకం స్థానికుల చేతికి ఇవ్వడానికి పై ప్రభుత్వం పెద్దగా వెనుకాడలేదు. ఎవరి మీద కేసు పెట్టాలి, ఏ ఆయుధం దగ్గర ఉంచుకోవాలి, అధిపతిని ఎప్పుడు ఇంటికి పంపాలి అనే దాకా స్థానికులు వచ్చినప్పుడు తరచూ హోంమంత్రి గాని కోర్టు గాని అడ్డం తిరిగారు.

వాచ్ కమిటీలు

1829లో హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్‌కు మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు దాన్ని తన శాఖ కిందే ఉంచుకున్నాడు. రాజధాని పోలీసు మీద నగర ప్రతినిధులకు అజమాయిషీ దక్కడానికి 2000 సంవత్సరం దాకా, అంటే దాదాపు 170 ఏళ్లు పట్టింది. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని చెప్పుకునే నగరానికి ఇది కొంచెం ఇబ్బందికరమైన లెక్కే.

మిగతా పట్టణాల కథ వేరు. 1835 నాటి పురపాలక సంస్కరణ చట్టం 178 పట్టణాలలో కౌన్సిలర్లతో వాచ్ కమిటీ వేసి పోలీసులను నియమించుకోవాలని చెప్పింది. కానిస్టేబుళ్లను చేర్చుకోవడం, తీసేయడం, నిబంధనలు రాయడం అన్నీ కమిటీ పనే. ఆ కమిటీల మాట ఎంత దూరం చెల్లేదో లివర్‌పూల్ చూపిస్తుంది. అక్కడి పోలీసు అధిపతి నాట్-బోవర్ వ్యభిచార గృహాలను తన విచక్షణ మేరకు అదుపులో ఉంచుతూ వచ్చాడు. 1890లో వాచ్ కమిటీ వాటన్నింటి మీదా వెంటనే చర్య తీసుకొమ్మని ఆదేశించింది. ఆయన తలవంచి అమలు చేశాడు. ఏ నేరాన్ని ముందు పట్టుకోవాలో పట్టణ పెద్దలు తీర్మానం చేసి పంపడం ఆనాడు ఎవరికీ వింతగా తోచలేదు.

పల్లెల్లో పెత్తనం మెజిస్ట్రేట్లది, అంటే భూస్వాములది. 1888లో కౌంటీ కౌన్సిళ్లు వచ్చాక సగం మెజిస్ట్రేట్లు, సగం కౌన్సిలర్లతో ఉమ్మడి కమిటీలు వేశారు. అంతకు ముందే, 1856లో, కేంద్రం ఇంకో దారిలో లోపలికి అడుగు పెట్టింది. సమర్థంగా పనిచేస్తున్నాయని ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకున్న దళాలకు జీతాలు, బట్టల ఖర్చులో నాలుగో వంతు ఖజానా నుంచి ఇస్తామన్నారు. 1874లో ఆ నాలుగో వంతు సగమైంది. డబ్బు వెంట తనిఖీ వచ్చింది, తనిఖీ వెంట సలహా, సలహా వెంట ఒత్తిడి.

ఇదే పాలకులు ఇదే కాలంలో మన ప్రాంతానికి ఏమిచ్చారో ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. శిస్తు వసూలులో చిత్రహింసల మీద మద్రాసు ప్రెసిడెన్సీలో వేసిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. దాని తర్వాత 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాల పోలీసు వ్యవస్థకు మూలం అదే. 1861 నాటి భారత పోలీసు చట్టం జిల్లా పోలీసును మెజిస్ట్రేటు సాధారణ అదుపు కింద పెట్టింది. వాచ్ కమిటీ లాంటిదేదీ ఇక్కడికి రాలేదు. పాలకులు తీసుకున్న నమూనా లివర్‌పూల్‌ది కాదు, ఐర్లండ్‌లో తిరుగుబాట్లను అణచడానికి నిలిపిన సాయుధ కానిస్టేబులరీది. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ ఖాళీ నిండలేదు. 1992 రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29 అంశాలు, పురపాలక సంఘాలకు 18 అంశాలు పట్టిక వేసి ఇచ్చాయి గాని వాటిలో పోలీసు లేదు. ఉత్తరప్రదేశ్ మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన పిటిషన్‌పై 2006 సెప్టెంబరు 22న తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు రాష్ట్ర భద్రతా కమిషన్లు, రాష్ట్ర, జిల్లా స్థాయి ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు వేయమంది. జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడు. ఫిర్యాదు వినడానికి ఒక చోటు దొరుకుతుంది గాని, జిల్లాలో పోలీసులు దేని మీద ముందు దృష్టి పెట్టాలో అడిగే వేదిక ఆ తీర్పులోనూ లేదు.

ఓల్డమ్ తీర్పు, నాటింగ్‌హామ్ రగడ

ఓల్డమ్ పట్టణ పోలీసులు పొరపాటున ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. ఆయన పట్టణ కార్పొరేషన్ మీద నష్టపరిహారానికి దావా వేశాడు. కానిస్టేబుల్ కార్పొరేషన్ నౌకరు కాడనీ, చట్టం నేరుగా తనకిచ్చిన అధికారంతో పనిచేస్తాడనీ, అందుచేత కార్పొరేషన్ బాధ్యురాలు కాదనీ 1930లో కోర్టు తేల్చింది. తగాదా నిజానికి పరిహారం ఎవరు కట్టాలనేదే. కానీ ఆ మాట పట్టుకుని ముప్పై ఏళ్లలో ఒక సిద్ధాంతమే కట్టేశారు: జీతమిచ్చేది స్థానికులైనా, పోలీసు పనిలో స్థానికులు జోక్యం చేసుకోకూడదు.

ఆ సిద్ధాంతానికి అసలు పరీక్ష నాటింగ్‌హామ్‌లో జరిగింది. అక్కడి చీఫ్ కానిస్టేబుల్ అథెల్‌స్టన్ పాప్‌కెస్, కొందరు కౌన్సిల్ సభ్యుల మీద వచ్చిన అవినీతి ఆరోపణలపై విచారణ పెట్టించాడు. తూర్పు జర్మనీ నుంచి ప్లానిటోరియం కొనే బేరం కూడా ఆ ఆరోపణల్లో ఉంది. కేసు నిలిచేంత ఆధారం దొరకలేదు. ఆ విచారణ గురించి తమకు నివేదిక ఇమ్మని వాచ్ కమిటీ అడిగింది. ఇవ్వనన్నాడు. 1959 జులైలో కమిటీ ఆయన్ను సస్పెండ్ చేసింది. హోంమంత్రి ఆర్. ఏ. బట్లర్ కలగజేసుకుని తిరిగి తీసుకొమ్మన్నాడు, తీసుకోక తప్పలేదు. తమ మీద జరిగిన విచారణ వివరాలు తామే తెప్పించుకోబోయిన కమిటీ మీద సానుభూతి కలగదు. అయితే ఈ ఒక్క చెడ్డ ఉదాహరణ, మిగతా పట్టణాల కమిటీలన్నిటి అధికారాన్నీ వెంట తీసుకుపోయింది.

ఆ తర్వాత రాయల్ కమిషన్ కూర్చుంది, 1964లో పోలీసు చట్టం వచ్చింది. మూడింట రెండు వంతులు కౌన్సిలర్లు, ఒక వంతు మెజిస్ట్రేట్లతో పోలీసు అథారిటీలు ఏర్పడ్డాయి. తగినంత, సమర్థమైన దళాన్ని నిర్వహించడం అథారిటీ బాధ్యత. దళాన్ని నడపడం చీఫ్ కానిస్టేబుల్ పని. ఇద్దరి పైనా హోంమంత్రి. చీఫ్ కానిస్టేబుల్‌ను నివేదిక అడగవచ్చు, కానీ అది ఇవ్వడం ప్రజాహితం కాదని ఆయన అనుకుంటే వ్యవహారం హోంమంత్రి దగ్గరికి వెళుతుంది. 1968లో లార్డ్ డెన్నింగ్ ఇచ్చిన తీర్పు పోలీసు అధిపతి చట్టానికి తప్ప మరెవరికీ జవాబుదారీ కాడన్న భావాన్ని స్థిరపరిచింది.

బ్రిక్స్‌టన్ నుంచి బొగ్గు గనుల దాకా

1981 ఏప్రిల్‌లో దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో దారిదోపిడీలు ఎక్కువయ్యాయని పోలీసులు మఫ్టీలో దిగారు. ఆపరేషన్ స్వాంప్ 81 అని దానికి పేరు. కొద్ది రోజుల్లో 943 మందిని ఆపి సోదా చేశారు. అరెస్టులు 118. అభియోగం మోపింది 75 మంది మీద. ఆపిన వాళ్లలో నల్లజాతి యువకులు ఎక్కువ. ఏప్రిల్ 10న మొదలైన అల్లర్లు 12 దాకా సాగాయి. విచారణ జరిపిన లార్డ్ స్కార్‌మన్ ఆ ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చాడు. ఆ ఆపరేషన్ గురించి స్థానిక పెద్దలకు ముందు మాటమాత్రం చెప్పలేదు. చెప్పే వేదిక కూడా మిగల్లేదు, పోలీసులకూ బ్రిక్స్‌టన్ ఉన్న లాంబెత్ ప్రాంత పెద్దలకూ మధ్య ఉన్న సంప్రదింపుల కమిటీ 1979లోనే కూలిపోయింది. లండన్ పోలీసు అథారిటీ హోంమంత్రే కాబట్టి, బ్రిక్స్‌టన్ కౌన్సిలర్ ఎవరినైనా అడగదలిస్తే పార్లమెంటు దాకా పోవాలి.

స్కార్‌మన్ సూచనల్లో రెండు నిలబడ్డాయి. స్థానికుల అభిప్రాయం తెలుసుకునే ఏర్పాటు 1984 పోలీసు చట్టంలో 106వ సెక్షన్‌గా చేరింది. రెండోది ఇంకా విలువైనది: లాకప్‌లను మామూలు పౌరులు వెళ్లి చూసే పద్ధతి. దీని గురించి వార్తల్లో పెద్దగా రాదు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లు ఇద్దరిద్దరుగా, చెప్పాపెట్టకుండా, ఏ వేళలోనైనా పోలీస్ స్టేషన్ తలుపు తడతారు. లోపల ఉన్నవాళ్లతో మాట్లాడి, తిండి పెట్టారా, వైద్యుణ్ణి పిలిపించారా, హక్కులేమిటో చెప్పారా అని అడుగుతారు. చూసింది రాసి ఇస్తారు. నేరం గురించి అడగరు, కేసులో తలదూర్చరు. 2002 చట్టం దీన్ని తప్పనిసరి చేసింది.

1984–85 గనికార్మికుల సమ్మె అథారిటీల పరిమితిని బయటపెట్టింది. దేశం నలుమూలల నుంచి పోలీసులను యార్క్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ గనుల మీదికి తరలించారు. బిల్లులు స్థానిక అథారిటీలకు వచ్చాయి. డబ్బు కట్టేవాళ్లకు ఆ పోలీసులను ఎలా వాడాలో చెప్పే అధికారం లేదు. దక్షిణ యార్క్‌షైర్ అథారిటీ గుర్రపు దళాన్ని తీసేస్తామంటే కూడా సాగలేదు.

తర్వాత నార్తంబ్రియా కేసు. ప్లాస్టిక్ తూటాలు, సీఎస్ వాయువు మాకొద్దని స్థానిక అథారిటీ అంటే, మా భాండాగారం నుంచి మేమిస్తామని హోంశాఖ సర్క్యులర్ పంపింది. అథారిటీ కోర్టుకెళ్లి ఓడిపోయింది. అథారిటీ ఒప్పుకోకపోయినా హోంమంత్రి సామగ్రి ఇవ్వవచ్చని తీర్పు. దీనికి తలకిందులైన ఉదాహరణ 2015లో దొరికింది. లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ జర్మనీ నుంచి మూడు పాత జలఫిరంగులు కొన్నాడు. వాటిని ఇంగ్లండ్‌లో వాడటానికి హోంమంత్రి తెరెసా మే అనుమతి ఇవ్వలేదు. మరమ్మతులతో కలిపి మూడు లక్షల పౌండ్లు దాటిన ఆ వాహనాలను ఒక్కసారి కూడా వాడకుండానే 2018లో తర్వాతి మేయర్ సాదిక్ ఖాన్ దాదాపు 11 వేల పౌండ్లకు తుక్కు కింద అమ్మేశాడు. స్థానికులు వద్దన్నది పైవాళ్లు ఇచ్చారు, కావాలన్నది వద్దన్నారు.

భద్రత అందరి పని

వీధి దీపం వెలగకపోవడం, తాగుబోతుల గుంపు, ఖాళీ ఇల్లు, బడి మానేసిన పిల్లలు. వీటిలో ఏదీ పోలీసు ఒక్కడి వల్ల తీరేది కాదు. ఈ సంగతిని 1991లో మోర్గన్ నివేదిక చెబితే, 1998 నేర, అశాంతి నిరోధక చట్టం అమలులో పెట్టింది. ప్రతి స్థానిక ప్రాంతంలో కౌన్సిలూ పోలీసూ కలిసి భాగస్వామ్యం ఏర్పాటు చేసుకోవాలి. మొదట మూడేళ్లకోసారి నేరాల లెక్క తీసి, జనాన్ని అడిగి, ప్రాధాన్యాలు ప్రకటించాలి. అగ్నిమాపక, ఆరోగ్య, ప్రొబేషన్ విభాగాలు తర్వాత చేరాయి. అదే చట్టంలోని 17వ సెక్షన్ ఇంకొంచెం లోతుగా పోయింది: కౌన్సిల్ తన ప్రతి పనిలోనూ, పార్కు తీర్చిదిద్దినా ఇళ్లు కేటాయించినా, నేరం మీద దాని ప్రభావమేమిటో చూసుకోవాలి.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న ఏర్పాటు ఎలా విఫలమవుతుందో 2007లో లెస్టర్‌షైర్‌లో తెలిసింది. తమ వీధిలోని కుర్రాళ్ల వేధింపులు భరించలేక ఒక తల్లి, దివ్యాంగురాలైన తన కూతురితో పాటు కారుకు నిప్పంటించుకుని చనిపోయింది. అంతకు ముందు ఆ కుటుంబం ఏళ్ల తరబడి 33 సార్లు పోలీసులకు ఫోను చేసింది. ప్రతి ఫోనునూ విడిగా, చిన్న గొడవగా చూశారు. పోలీసుల వైఫల్యం, కౌన్సిళ్ల వైఫల్యం ఆ మరణాలకు దోహదం చేశాయని 2009లో జ్యూరీ తేల్చింది.

ఇలాంటి ఘటనల తర్వాత 2014 చట్టం పౌరుడి చేతికి ఒక హక్కు ఇచ్చింది. వాడుకలో దాన్ని కమ్యూనిటీ ట్రిగ్గర్ అంటారు. సాధారణంగా ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు చేసినా పని జరగకపోతే, కౌన్సిలూ పోలీసూ ఆరోగ్య శాఖా ఒకచోట కూర్చుని ఆ కేసును మళ్లీ చూసి తీరాలి. కమిటీలు, ప్రణాళికలు, ఎన్నికల కన్నా ఈ చిన్న నిబంధనే బాధితుడికి దగ్గరగా ఉంది. ఆ హక్కు ఉందని చాలామందికి తెలియకపోవడమే దాని లోపం.

ఓటుతో వచ్చిన కమిషనర్లు

1994 చట్టం అథారిటీలను 17 మందికి కుదించి, తొమ్మిది మంది కౌన్సిలర్లు, ముగ్గురు మెజిస్ట్రేట్లు, అయిదుగురు స్వతంత్రులు ఉండాలంది. ఆ పేర్లు జనానికి తెలియవు. ఎవరో తెలియని కమిటీ కన్నా ఓటేసి దించగల ఒక మనిషి మేలని డేవిడ్ కామెరాన్ సంకీర్ణ ప్రభుత్వం 2011లో చట్టం తెచ్చింది. ఇక్కడి కమిషనర్ మన నగరాల పోలీసు కమిషనర్ లాంటి ఐపీఎస్ అధికారి కాదు; యూనిఫాం లేని, ఎక్కువగా పార్టీ టికెట్ మీద గెలిచే రాజకీయ నాయకుడు. చీఫ్ కానిస్టేబుల్‌ను నియమిస్తాడు, అవసరమైతే తొలగిస్తాడు, స్థానిక పన్నులో పోలీసు వాటాను నిర్ణయిస్తాడు, ప్రాధాన్యాలతో పోలీసు ప్రణాళిక ప్రకటిస్తాడు. దైనందిన పోలీసు నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టరాదు. ఆయన్ను గమనించడానికి కౌన్సిలర్లతో ఒక ప్యానెల్ ఉంటుంది. మూడింట రెండు వంతుల మెజారిటీతో అది పన్ను ప్రతిపాదననూ చీఫ్ నియామకాన్నీ ఆపగలదు. కమిషనర్‌నే తీసేయలేదు.

2012 నవంబరు 15న 41 స్థానాలకు తొలి ఎన్నికలు జరిగాయి. చలి, చీకటి, ప్రచారం అంతంతమాత్రం. ఓటేసింది దాదాపు 15 శాతం. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ కేంద్రానికి ఒక్కరూ రాలేదు.

రాదర్‌హామ్ ఈ ఏర్పాటులోని కన్నాన్ని చూపింది. ఆ పట్టణంలో 1997 నుంచి 2013 వరకు సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని అలెక్సిస్ జే నివేదిక 2014 ఆగస్టులో చెప్పింది. ఆ కాలంలో కొన్నేళ్లు కౌన్సిల్‌లో పిల్లల సంక్షేమం చూసిన షాన్ రైట్ అప్పటికి దక్షిణ యార్క్‌షైర్ కమిషనర్. ప్రధాని దిగమన్నాడు, సొంత పార్టీ దిగమంది, ప్యానెల్ దిగమంది. దించే దారి ఎవరికీ లేదు. మూడు వారాల తర్వాత, సెప్టెంబరు 16న తనంతట తనే రాజీనామా ఇచ్చాడు. ఉప ఎన్నికలో ఓటింగ్ 15 శాతం లోపే. 2021లో నార్త్ యార్క్‌షైర్ కమిషనర్ ఫిలిప్ అలాట్ కూడా అంతే. లండన్‌లో పోలీసు ఉద్యోగి చేతిలో ఒక యువతి హత్యకు గురైన తర్వాత, ఆడవాళ్లు అరెస్టు నిబంధనలు తెలుసుకుని మసలుకోవాలన్నట్టు మాట్లాడాడు. ప్యానెల్ ఏకగ్రీవంగా అవిశ్వాసం ప్రకటించింది. దించలేకపోయినా, ఈసారి సిగ్గు పనిచేసింది.

కమిషనర్ తన అధికారం గట్టిగా వాడితే ఏమవుతుంది? 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట మృతులపై జ్యూరీ 2016 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చిన మర్నాడే, దక్షిణ యార్క్‌షైర్ కొత్త కమిషనర్ అలన్ బిల్లింగ్స్ తన చీఫ్ కానిస్టేబుల్ డేవిడ్ క్రాంప్టన్‌ను సస్పెండ్ చేశాడు. 2017లో హైకోర్టు అది చట్టవిరుద్ధమంది. 2013లో లింకన్‌షైర్ కమిషనర్ చేసిన సస్పెన్షన్‌కూ అదే గతి పట్టింది. జనం ఎన్నుకున్నవాడు జనం కోపాన్ని వినిపించాడు, కోర్టు కారణాలు చూపమంది. రెండూ వాటి పనే చేశాయి.

డబ్బు విషయంలో ఓటరును నేరుగా అడిగిన సందర్భం ఒక్కటే ఉంది. బెడ్‌ఫర్డ్‌షైర్ కమిషనర్ ఒలీ మార్టిన్స్ పోలీసు పన్ను 15.8 శాతం పెంచి వంద మంది పోలీసులను తీసుకుంటానని 2015 మే 7న ప్రజాభిప్రాయం కోరాడు. దాదాపు 70 శాతం వద్దన్నారు. మరిన్ని బీట్లు కావాలని సభల్లో అడిగే చెయ్యే బ్యాలెట్ మీద ఆ ముద్ర వేసింది. పన్ను వాటా ప్రాంతాన్ని బట్టి మారుతుంది: సంపన్నమైన సర్రేలో పోలీసు ఖర్చులో సగానికి పైగా స్థానిక పన్నే, నార్తంబ్రియాలో దానికంటే చాలా తక్కువ. కమిషనర్ స్వేచ్ఛ కూడా ఆ మేరకే.

స్కాట్లండ్ పక్కదారి

స్కాట్లండ్ దీనికి ఎదురు దిక్కుకు నడిచింది. 2013 ఏప్రిల్ 1న ఎనిమిది దళాలను కలిపి ఒకే పోలీస్ స్కాట్లండ్ చేసింది. 32 కౌన్సిల్ ప్రాంతాలలో ప్రతిదానికీ స్థానిక కమాండర్ ప్రణాళిక రాసి కౌన్సిల్ ముందు పెట్టాలి. కానీ మరుసటి ఏడాదే, నేరాలు అరుదైన హైలాండ్స్ పట్టణాల్లో పోలీసులు నడుముకు పిస్తోలు పెట్టుకుని మామూలు పనులకు తిరుగుతుంటే జనం నివ్వెరపోయారు. ఆ నిర్ణయం ఎక్కడ జరిగిందో కౌన్సిలర్లకు తెలియదు. గొడవ పెరిగాక, 2014 అక్టోబరులో చీఫ్ కానిస్టేబుల్ స్టీఫెన్ హౌస్ సాయుధ సిబ్బందిని ఆయుధాలు అవసరమైన ఘటనలకే పంపుతామని వెనక్కి తగ్గాడు.

మేయర్లు, మండళ్లు

ఇంగ్లండ్‌లో కమిషనర్ల సంఖ్య తగ్గుతూ వచ్చింది. లండన్‌లో 2012 నుంచి పోలీసు బాధ్యత మేయర్‌దే. గ్రేటర్ మాంచెస్టర్ 2017లో, పశ్చిమ యార్క్‌షైర్ 2021లో, దక్షిణ యార్క్‌షైర్ 2024లో ఆ దారి పట్టాయి. లండన్‌లో కమిషనర్‌ను రాజు పేరిట హోంమంత్రే నియమించినా, మేయర్ నమ్మకం పోతే పదవి నిలవదని 2008లో ఇయన్ బ్లెయిర్, 2022లో క్రెసిడా డిక్ వెళ్లిపోయిన తీరు చెబుతుంది. పశ్చిమ మిడ్‌ల్యాండ్స్‌లో మాత్రం కమిషనర్ సైమన్ ఫోస్టర్ ఒప్పుకోలేదు. తన అధికారాలను మేయర్‌కు బదలాయించే నిర్ణయం మీద కోర్టుకెళ్లి 2024 మార్చిలో గెలిచాడు. మే నెల ఎన్నికల్లో మళ్లీ ఎన్నికయ్యాడు.

2025 నవంబరులో ప్రభుత్వం కమిషనర్ల పదవులను 2028 మేలో వారి పదవీకాలంతో పాటే రద్దు చేస్తామని ప్రకటించింది. మేయర్లున్న చోట మేయర్లు, లేని చోట కౌన్సిల్ నాయకులతో కూడిన మండళ్లు ఆ పని చూస్తాయి. అంటే కమిషనర్లు రాకముందు అథారిటీలలో ఉన్నట్టే, కొన్ని కౌంటీల్లో పోలీసు బడ్జెట్ తిరిగి కౌన్సిలర్ల బల్ల మీదికి వస్తుంది. వేల్స్ లెక్క వీటిలో దేనికీ సరిపోదు. అక్కడ ఇలాంటి మేయర్లు లేరు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో పోలీసు వ్యవహారం స్థానిక శాసనసభల చేతిలో ఉన్నా, కార్డిఫ్‌లోని వేల్స్ పార్లమెంటుకు మాత్రం ఆ అధికారం ఇంకా రాలేదు. తమకే ఇమ్మని వేల్స్ ప్రభుత్వం ఏళ్లుగా అడుగుతోంది.